బీజాపూర్ మైదానంలో మా హారిక

మా అక్క కూతురు హారిక ఫోన్‌లో ఏడ్చింది. అందుకే ఈ ప్రయాణం పెట్టుకున్నాను. బావగారు గోదావరి అవతల పక్క రాష్ట్రంలోని కిరందుల్ ఇనుప గనుల్లో ఉద్యోగం మానేసి, ఆ వైపే మద్దేడ్ అనే ఊళ్లో దుకాణం పెట్టడంతో, కంపెనీ క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల తొమ్మిదో తరగతికి అక్కడి బడిలో చేరింది. "ఖో-ఖో జట్టులోకి తీసుకున్నారు గానీ, ఒక్కళ్లూ నాకు ఖో ఇవ్వరు పిన్నీ," అంది. ఆ జిల్లా కేంద్రం బీజాపూర్‌లో బడుల పోటీ ఉందని తెలిసి బయలుదేరాను. అవసరమైతే పిల్లని మళ్లీ కిరందుల్‌లోనే హాస్టల్లో ఉంచి చదివించమని బావగారికి చెప్పాలనుకున్నాను.

వరంగల్‌లో తెల్లవారకముందే బస్సెక్కితే, గోదావరి వంతెన దాటి వాజేడు చేరేసరికి ఎండెక్కింది. అక్కడినుంచి భోపాలపట్నానికి షేర్ జీపు.

"ఆట జూడనీకి ఇంత దూరమొచ్చినవా అక్కా? ఎవల తోటి ఆట?" అన్నాడు డ్రైవర్.

"ఆవపల్లి వాళ్లతోనట."

"అయితే కష్టమే. ఆ పిల్లలు మస్తు ఉరుకుతరు."

భోపాలపట్నంలో బస్సు మారి బీజాపూర్‌లో దిగేసరికి ఆట మొదలైంది. మద్దేడ్ పిల్లలు తరుముతున్నారు. హారిక వరుసలో కూర్చునే ఉంది. ఆమెను దాటి పక్కవాళ్లకే ఖో ఇస్తున్నారు. ఆట సగమయ్యేదాకా పిల్ల లేవనే లేదు. చూడలేక తల తిప్పుకున్నాను.

తర్వాత తప్పించుకునే వంతు వీళ్లది. ముగ్గురు దిగితే తోటివాళ్లిద్దరూ త్వరగా దొరికిపోయారు, హారిక ఒక్కతే మిగిలింది. అటు వంగి ఇటు జారి, స్తంభం చుట్టూ తిరిగి, అందినట్టే అంది తప్పించుకుంది. హద్దు గీత బయట కూర్చున్న కెప్టెన్ సోమ్లీ లేచి నిలబడింది. "ఏయ్ కిరందుల్! ఎడమకు ఉరుకు!" జట్టంతా అరవసాగింది. విజిల్ మోగేదాకా హారిక దొరకలేదు.

అయినా కొద్ది తేడాతో ఓడిపోయారు. సోమ్లీ నీళ్ల సీసా తెచ్చి అందించింది. "మంచిగ ఉరికినవ్. ఇగ రేపటిసంది నీకూ ఖో ఇస్తం."

"ఇవాళెందుకివ్వలేదు?" సీసా అందుకుంటూ అడిగింది హారిక.

సోమ్లీ తలొంచుకుంది. "కంపెనీ పిల్లవు గదా, నీతోని కాదనుకున్నం. తప్పైంది."

హారిక నీళ్లు తాగి, సీసా పక్కనున్న పిల్లకిచ్చింది. కాసేపటికి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "పిన్నీ, నువ్వు బస్సులో వచ్చెయ్యి. నేను వీళ్లతో పికప్ వ్యాన్‌లో వస్తా," అని వెళ్లిపోయింది.

మద్దేడ్ బస్సులో ఒంటరిగా కూర్చుని, బావగారికి చెప్పాలనుకున్న మాటలు మానేశాను. ఓదార్చడానికి వచ్చాను గానీ, అడగాల్సింది పిల్లే నేరుగా అడిగేసింది. పెద్దవాళ్లం మధ్యలో దూరకపోవడమే మంచిదైంది.

ఇటు వచ్చేవాళ్లకు ఒక మాట. సాయంత్రం బస్సులు తక్కువ. బీజాపూర్‌లో దిగేటప్పుడే తిరుగు బస్సు ఎప్పుడో కండక్టర్‌ని అడిగి పెట్టుకోండి.