గాజులు చూడని అత్తయ్య

చిలకలపూడిలో మా పక్కింటి అత్తయ్యకి ఏ ఆడమనిషి కనబడినా చెయ్యి పట్టుకుని గాజు తిప్పి చూడటం అలవాటు. రోల్డు గోల్డు పనిలోనే ముసలిదైన మనిషి. "ఇది ఆర్నెల్లకే వెలుస్తుందే, చెమట తగలనివ్వకు," అనేది, మనం అడక్కపోయినా.

మావయ్య పోయిన కొన్నాళ్లకి ఆమెను షుగర్ పరీక్షకి నేనే తీసుకెళ్లాను. రిపోర్టు చూసి డాక్టరమ్మ మురిసిపోయింది.

"షుగర్ బాగా దిగిందండీ! బరువూ తగ్గారు. ఏం చేశారు?"

"అన్నం సయించటం లేదమ్మా. మానేశాను."

"మంచి పని చేశారు. ఇలాగే మెయింటెయిన్ చెయ్యండి."

బీపీ పట్టీ కడుతుంటే డాక్టరమ్మ గాజులు అత్తయ్య కళ్ల ముందే గలగలలాడాయి. అత్తయ్య గోడవంక చూస్తూ కూర్చుంది.

"మేడం, ఈవిడ ఇప్పుడు ఎవరి గాజులూ చూట్టం లేదండి," అన్నాను.

డాక్టరమ్మ తలూపి, "అయితే కంటి పరీక్ష కూడా రాస్తాను," అంది.

కళ్లలో ఏ దోషమూ లేదని తేలింది. షుగరూ, బీపీ, కళ్లూ అన్నీ బాగున్న మనిషిని శివరాత్రి లోపే కాటికి సాగనంపాం.