డీజిల్ పడ్డ తొట్టి, గ్రాఫీన్ దిమ్మెలు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వానాకాలంలో, నన్ను అశ్వారావుపేట ప్రాంతానికి డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ పరిశోధనాలయంలో సీనియర్ సైంటిస్టును. మా విభాగం తయారుచేసిన గ్రాఫీన్ ఏరోజెల్‌ను ఒక పామాయిల్ మిల్లు మురుగునీటి మీద పరీక్షించాలి.

ఏరోజెల్ అంటే దాదాపు అంతా గాలే ఉండే ఘనపదార్థం. గ్రాఫీన్ ఆక్సైడ్ అనే కార్బన్ రేకులనూ, కలపగుజ్జు నుంచి తీసిన సెల్యులోజ్‌నూ నీళ్లలో కలిపి గడ్డకట్టించి, ఆ మంచును శూన్యంలో ఆవిరిగా లాగేస్తాం. మిగిలిన దిమ్మెను వేడిచేస్తే నల్లబడి, నీటిని అంటనివ్వకుండా నూనెను మాత్రం పీల్చుకుంటుంది. ఇటుకంత దిమ్మె చేతిలో గుప్పెడు మరమరాలంత తేలిక. గ్రాఫీన్ ఒక్కటే అయితే పెళుసు; సెల్యులోజ్ కలిస్తే పిండినా మళ్లీ పొంగుతుంది. పిండి మళ్లీ వాడుకోవచ్చన్న మాట మీదే మా ప్రాజెక్టు మంజూరైంది.

మిల్లులో పని మొదలుకాకముందే గోదావరి పొంగింది. భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న ఒక మంచినీటి పథకం నుంచి అసిస్టెంట్ ఇంజినీరు యాకూబ్ ఫోన్ చేశారు. వాగు పొంగి ఒక షెడ్డులోని డీజిల్ పీపాలను పడేసింది. ఆ డీజిల్ పథకం సెటిలింగ్ తొట్టిలోకి, అంటే బురద అడుక్కి దిగడానికి నీళ్లు నిలిపి ఉంచే చోటికి చేరింది. ఆయన వాల్వు మూసి పంపింగ్ ఆపేశారు.

"ఇసుక ఫిల్టర్లకు డీజిల్ పట్టిందంటే పథకం ఇప్పట్ల నడవదు మేడం. మీ తాన ఏదో స్పాంజి ఉందట గదా, జల్దీ రాండ్రి" అన్నారు.

దిమ్మెలను జీపులో వేసుకుని బయలుదేరాను. మా దిమ్మెలు చూసింది ప్రయోగశాలలోని తేట నీళ్లనే. ఒండ్రునీళ్లలో ఎట్లా ఉంటాయో ఎవరికీ తెలియదు.

తొట్టి గట్టు మీద సర్పంచ్ సమ్మక్క ఎదురుచూస్తోంది. "గూడేలల్ల వాగు నీళ్లు తాగుతున్నరు. ఇద్దరికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పడవల దవాఖానాకు తోలినం. గూడేలకు ట్యాంకరొచ్చే బాట మునిగింది" అంది.

యాకూబ్ మనుషులు వెదుళ్లను తాళ్లతో కలిపి కట్టి, డీజిల్ పొరను ఒక మూలకు నెట్టారు. దిమ్మెలను దోమతెర గుడ్డలో కట్టి దించాం. పొర చూస్తుండగానే తగ్గింది. నిండిన దిమ్మెలను తీసి బకెట్లో పిండి తిరిగి వేశాం. అప్పుడు వాటి చుట్టూ నీటి మీద నల్లటి నలుసులు కనిపించాయి. స్టీలు గ్లాసులో ముంచి చూశాను. సందేహం లేదు. రంధ్రాల్లోకి పోయిన ఒండ్రు, పిండేటప్పుడు గోడలను గీరేస్తోంది. దిమ్మె రాలుతోంది.

పిండడం ఆపించాను. ఇంకా నీళ్లలో వేయనివాటిని ఒక్కసారికే వాడి, మిగిలిన పలచటి పొరను పాత నూలుబట్టలతో ఎత్తించాను. మా డైరెక్టర్ ఫోన్ చేసి, దిమ్మెలను పిండి మళ్లీ వాడుతున్నట్టు వీడియో కావాలన్నారు. కుదరదని చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేశారు.

సాయంత్రానికి తొట్టి తేటగా కనిపించింది. వాల్వు తెరవమంది సమ్మక్క. నీటి నమూనాలు ఖమ్మం ల్యాబుకు పోయి ఫలితం వచ్చేదాకా వద్దన్నాను.

"నల్లటి నలుసులు రెండు కనపడ్డయని నీళ్లాపుతరా? మాడిన రొట్టెకు బొగ్గుంటది, మేం తినట్లేదా ఏంది?"

"బొగ్గు సంగతి నాకు తెలుసమ్మా. ఇది ఒంట్లోకి పోతే ఏమవుతుందో నాకు తెలియదు. తెలియనిదాన్ని తాగమని చెప్పలేను."

"తెల్వదని చెప్పే ఆఫీసర్లు మా దిక్కు తక్వనే వస్తరు. కానీ మా పిల్లల దూప మీ మాటతోటి తీరదు మేడం" అంది సమ్మక్క.

యాకూబ్ నీళ్ల క్యాన్లను పడవలో తెప్పించారు. అవి చాల్లేదు. సమ్మక్క ఇల్లిల్లూ తిరిగి వాగు నీళ్లు కాగబెట్టించింది. తడిసిన కట్టెలు అంటుకోక ఆడవాళ్లు నన్ను తిట్టారు, నాకు వినపడేలాగే. ఎవరికి జ్వరమొచ్చిందన్నా నా వల్లనేమో అనిపించేది.

ఫలితం వచ్చింది. నీటిలో డీజిల్ లేదు. నలుసులు ఉన్నాయి, ల్యాబులో చిన్న ఇసుక ఫిల్టర్ గుండా పంపి చూసిన నీటిలో మాత్రం లేవు. మొదట ఫిల్టర్ దాటిన నీటిని బయటికి వదిలించి, మళ్లీ పరీక్ష చేయించాకే పంపింగ్ మొదలుపెట్టించాను. దవాఖానాకు పోయిన ఇద్దరూ కోలుకుని ఇంటికొచ్చారు.

పునర్వినియోగం విఫలమైందని నివేదికలో రాశాను. తరువాతి విడత నిధులు సగానికి తగ్గాయి. నా తరువాత వచ్చినవారు దిమ్మెకు సన్నటి నేత తొడుగు వేశారు. అది మురుగునీటికి పనికొచ్చింది, తాగునీటికి ఇప్పటికీ వాడడం లేదు.

నూనెను పీల్చే పదార్థం ఎంత పీల్చిందో కొలవడం మాకు బాగా వచ్చు. నీళ్లలో తననుంచి ఏం వదిలిందో కూడా అంతే శ్రద్ధగా కొలవాలని అక్కడ నేర్చుకున్నాను. ఆ కొలత తేలేదాకా వాల్వు మూసే ఉంచాలి. దాని భారం దప్పికతో ఉన్నవాళ్ల మీద పడుతుందనీ తెలిసే మూయాలి.