మా రాజు బొడ్డుతాడుతో మందమర్రి నుంచి కరీంనగర్‌కు

నా కొడుకు రాజు కండరాలు కరిగిపోయే జబ్బుతో పద్నాలుగో ఏట పోయాడు. తర్వాత కొన్నేళ్లకు, తొంభైలలో, వాడి అక్క సుజాతకు మూడో నెల పడింది. పుట్టేది మగపిల్లవాడైతే అదే జబ్బు వస్తుందేమోనని భయం పట్టుకుంది. హైదరాబాద్ ప్రయోగశాల డాక్టరమ్మ కరీంనగర్ దవాఖానాకు వస్తుందని, పోయిన పిల్లవాడి ఒంటిది ఏదైనా ఉంటే తెమ్మన్నదని తెలిసింది. నా దగ్గర మిగిలింది వాడి బొడ్డుతాడే. వాడు పుట్టినప్పుడు దాన్ని ఎండబెట్టి, వెండి తాయెత్తులో పెట్టి, మైనంతో మూసి వాడి మొలతాడుకు కట్టాను. వాడు పోయిననాడు విప్పి దాచుకున్నాను.

పొద్దున ఆరింటికి మందమర్రిలో బస్సెక్కి, మంచిర్యాలలో మారాం. ఛార్జీ పెద్దగా కాలేదు, దారే గుంతలమయం. కండక్టర్ సుజాతను చూసి, "అవ్వా, వట్టిమనిషి కాదు గదా, ఎనుక కూసోవెడ్తవా? ముందటికి రాండ్రి" అని సీటిప్పించాడు. పెద్దపల్లి దాటాక నాకు మనసాగలేదు. మైనం తీసి, ఆ ఎండు ముక్కను కళ్లకద్దుకున్నాను.

"చేతితోని ముట్టినవా అమ్మా?" దవాఖానాలో డాక్టరమ్మ అడిగింది.

"నా కొడుకుది గదా, కండ్లకద్దుకున్న."

"జరంత ఆగకపోతివా అవ్వా!" సుజాత కసిరింది.

"చిటికెడు కణాలల్ల ఉన్న జన్యువును మేం లచ్చల నకళ్లు చేస్తం. నీ చేతి కణాలు అంటితే అవి గూడ పెరుగుతయ్. ఫికర్ చెయ్యకు, పైపొర గీకి నడిమిది తీస్తం. నీ నెత్తురు గూడ ఇయ్యి, నీదేదో పిలగానిదేదో పోల్చుకుంటం."

ఎండు ముక్కలో జన్యువు ఎక్కడ తెగిందో తెలుస్తుందట. సుజాత ఒంట్లో ఆ జన్యువు సరిగ్గా పనిచేస్తోందా అన్నది మాత్రం తాజా నెత్తురులోనే తెలుస్తుందట. ఆ పని జాడ ఎండితే నిలవదు. సుజాత నెత్తురు తీసి వెంటనే మంచులో పెట్టారు.

"ఈ ఎండు ముక్కల సగం సాలుతదమ్మా, సగం నువ్వుంచుకో" అన్నది డాక్టరమ్మ.

"మల్ల సాలకపోతె? అంత తీస్కో."

కొన్ని వారాలకు ఫోన్ వచ్చింది. సుజాతలో ఆ లోపం లేదు, పుట్టేవాడికి ఆ భయమూ లేదు. కూతురి కోసం నవ్వాను, కొడుకు కోసం ఏడ్చాను. ఇంట్లో ఇప్పుడు వాడి ఒంటిది ఏదీ లేదు. ఆ వెలితి ఉంది. సగమైనా ఉంచుకోవాల్సిందని మాత్రం అనిపించలేదు. మీరూ ఇలాంటి పనిమీద వెళ్తే, తెచ్చినదాన్ని శుభ్రమైన కాగితంలో చుట్టి, విప్పకుండా అప్పగించండి. గుండె ఆగకపోతే పొట్లాన్నే హత్తుకోండి.