నాన్న కర్ర

పెందుర్తిలో అల్మరా చేయించడానికి వెళ్ళాను. మిషను రంపం మీద ప్లైవుడ్ షీటు కోస్తుంటే లేచిన కమురు వాసన తగలగానే, నాన్న మీద నాకున్న పాత కోపం గుప్పున లేచింది.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. నాన్న పోర్టు దగ్గర షెడ్డులో మిషను రంపం మీద ప్లైవుడ్ షీట్లను సన్నటి పట్టీలుగా కోసేవాడు. అక్కడ తను ఎప్పుడూ వాడే చిన్న కర్రని ఓ ఆదివారం ఇంటికి తెచ్చి, దాని చివర గాటు సరిచేసి పొయ్యి గట్టు మీద పెట్టాడు. షెడ్డు నుంచి వచ్చే చెక్కముక్కలన్నీ మా పొయ్యిలోకే కదా, అమ్మ దాన్నీ పెట్టేసింది.

"నా ఏళ్ళు కాల్సేసినావేటే!" అని నాన్న వీధంతా వినబడేలా అరిచాడు. అమ్మ ఏడ్చింది. ఏళ్ళంటే సంవత్సరాలనుకున్నాను నేను. ఎన్నేళ్ళ కర్రయితే మాత్రం అమ్మ కంటే ఎక్కువా? చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పుడు నా ఎదురుగా మేస్త్రీ సన్నటి పట్టీని వట్టి చేత్తో రంపం దాకా నెడుతున్నాడు. నెట్టడానికి పెట్టుకున్న గాటు కర్ర పక్కనే పడి ఉంది. రంపానికీ అతని వేళ్ళకీ మధ్య అంగుళం సందు కూడా లేదు.

"ఏళ్ళు! నీ ఏళ్ళు!" అని అరిచాను. అచ్చం నాన్న గొంతే.

మేస్త్రీ నవ్వాడు. "అవునమ్మా, శానా ఏళ్ళ నుంచి ఇదే పని సేత్తన్నాను."

మిషను ఆపించి, కర్ర అతని చేతిలో పెట్టి, షీటంతా కోసేదాకా కదల్లేదు.

నాన్న ఎందుకు అరిచాడో తెలిసింది. ఆ కర్ర ఎందుకో అమ్మకి ఒక్కసారైనా చెప్పనందుకు మాత్రం, ఆయన మీద కోపం ఇంకా పోలేదు.