శాలువా వెనక లెక్క

మనిషికి చిన్నతనం ఏ వయసు దాకా ఉంటుందని అడిగితే, నా మట్టుకు నాకు యాభై రెండో ఏడు దాకా ఉందని చెబుతాను. రోజుతో సహా చెప్పగలను గానీ, తలచుకుంటే తల వంగే రోజు కాబట్టి నెలతో సరిపెడతాను: 2004 డిసెంబరు. ఆ రోజుల్లో నేను ఏలూరులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచర్ని. బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టలేదు. ఆ సంగతి అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చెప్పేదాన్ని.

అంతకు ముందటేడు డిసెంబరు మొదట్లో మా ఆడపడుచు సిమ్లా చూసొచ్చి నాకో శాలువా ఇచ్చింది. తెల్లగా, వేలు పెడితే మునిగేంత మెత్తగా, లోపల ఎర్ర శాటిన్ లైనింగుతో ఉంది. "ఉన్నేనా?" అన్నాను. "ఉన్నే వదినా, అక్కడందరూ వేసుకుంటున్నారు" అంది. అంతకుమించి అడగలేదు. (అడిగితే ఏం వినాల్సొస్తుందోనన్న అనుమానం అప్పుడే ఉందేమో, ఇప్పుడు గట్టిగా కాదనలేను.) ఏలూరు చలి ఎంతని! తెల్లవారాక ఓ గంట. అయినా పదకొండు గంటలకి కూడా స్టాఫ్ రూములో ఫ్యాను కింద ఆ శాలువాతోనే కూర్చుని చెమట తుడుచుకునేదాన్ని. "తీసెయ్యండి మేడం, ఉడికిపోతున్నారు" అని సైన్సు టీచరు అంటే, "మెడనొప్పమ్మా" అనేదాన్ని.

ఆ ఏడే ఉద్యోగంలో చేరిన డ్రాయింగు టీచరు ఉండేది. కొల్లేటి లంక ఊరి పిల్ల. ఒక మధ్యాహ్నం డబ్బా మూత తీసేసరికి గదంతా మసాలా వాసన.

"ఏమిటమ్మా అది?"

"పిట్ట కూరండి. మా నాన్నగారు పంపించారు."

"ఎన్ని పిట్టలు?"

"రెండేమోనండి."

"అంటే రెండు ప్రాణాలు. ఎక్కణ్ణించో ఎగిరొచ్చి నీ డబ్బాలో పడ్డాయి పాపం. ఇక్కడ మేమూ తినాలి కదా, ఆ డబ్బా ఈ బల్ల మీద పెట్టకమ్మా" అన్నాను, భుజం మీద శాలువా సర్దుకుంటూ. ఆ పిల్ల మూత పెట్టి వరండాలోకి వెళ్లిపోయింది. మర్నాడూ వరండాలోనే తిన్నది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, నేను అసలే అనలేదు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యేదాకా అలా అరవై ఆరు మధ్యాహ్నాలు. (పాత డైరీ చూసే రాస్తున్నాను.) జూన్‌లో తాడేపల్లిగూడేనికి బదిలీ అయి వెళ్తూ, అందరితోపాటు నాకూ నమస్కారం పెట్టింది.

మళ్లీ చలికాలం వచ్చింది. బీరువాలోంచి తీసేసరికి శాలువా లైనింగు ఒక పక్క ఊడిపోయి ఉంది. మా బడిలో చదివే ఒక పిల్ల తాతగారు తివాచీలు నేస్తారు, ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆ పెద్దాయనకి ఒక అలవాటు. చేతికి ఏ బట్ట ఇచ్చినా ముందు తిరగేసి వెనకవైపు చూస్తారు. తివాచీ ముడులు బయటపడేది అక్కడే కదా. నా శాలువానీ అలాగే తిప్పి, లైనింగు ఎత్తి చూసి ఆగిపోయారు.

"ఇది నేత కాదండీ టీచరుగారూ."

"మరేమిటండీ?"

"తోలండి. ఉన్నయితే గొర్రెకి కత్తిరిస్తారు, మళ్లీ పెరుగుద్ది. ఇది కత్తిరించింది కాదండి, ఒలిచింది. కుందేళ్లవి."

"కుందేళ్లా? ఒకటి కాదా?"

"ఒకటెక్కడ సరిపోద్దండి? అదిగోండి, ముక్కకొకటి."

ఆయన మర్యాదస్తులు, ముక్కలు లెక్కపెట్టలేదు. నేను లెక్కల టీచర్ని, పెట్టకుండా ఉండలేకపోయాను. పొడుగున ఏడు, వెడల్పున రెండు. పధ్నాలుగు. పిల్ల డబ్బాలో రెండున్నాయని తీర్పు చెప్పిన రోజున నా భుజాల మీద పధ్నాలుగున్నాయి. అవి ఆకలి తీర్చడానికి కూడా కాదు, ఏలూరులో ఫ్యాను కింద కూర్చోడానికి.

"కుట్టమంటారాండి?" అన్నారాయన.

"వద్దండీ" అన్నాను. శాలువా మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఆ శనివారం సెలవు పెట్టి తాడేపల్లిగూడెం రైలెక్కాను. ఏమని మొదలుపెట్టాలో తేల్చుకోలేకపోయాను. దారిలో భీమడోలులో దిగి వెనక్కి పోదామని కూడా లేచాను. సరిగ్గా భోజనాల వేళకి ఆ బడికి చేరాను. డ్రాయింగు టీచరు లోపల నలుగురితో కూర్చుని తింటోంది. ఈసారి వరండాలో నిలబడింది నేను. చెయ్యి కడుక్కుని కంగారుగా వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"పధ్నాలుగా మేడం!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వబోయాను. అప్పుడంది, "పిట్ట కూర ఆ ఒక్కరోజేనండి. తర్వాతన్నీ పప్పూ, పెరుగన్నమే."

"ఒక్కమాట చెప్పచ్చు కదమ్మా?"

"మీరు ఒక్కసారి డబ్బాలోకి చూడచ్చు కదండీ" అంది, నవ్వు ముఖంతోనే.

పప్పయితేనేం, పిట్టయితేనేం, ఆ పిల్ల తినాల్సింది లోపలే. ఆ మాట అక్కడ అనలేకపోయాను. "క్షమించమ్మా" అన్నాను. "భోంచేశారా మేడం?" అంటూ లోపలికి తీసుకెళ్లి తన పక్కనే కుర్చీ వేసింది.

ఆ శాలువా ఇప్పటికీ బీరువాలోనే ఉంది. వేసుకోలేను, పారేస్తే ఆ పధ్నాలుగూ మరీ ఊరికే పోయినట్టు ఉంటుంది. ఏటా ఒకసారి తిరగేసి లెక్కపెడతాను. ఎప్పుడూ పధ్నాలుగే. జీవకారుణ్యం గురించి చెబుతూ చెమటలు తుడుచుకున్న ఆ లెక్కల టీచరు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ అరవై ఆరు మధ్యాహ్నాలు కూడా గుర్తొస్తాయి. అప్పుడు మడత పెట్టేసి, బీరువా తలుపు వేస్తాను.