పందిరి మీద ఒక్క పిందె

నిన్న బెంగళూరు వంకాయ చెక్కు తీస్తుంటే జిగురు అంటుకుని వేళ్ళు బిగుసుకుపోయాయి. ఎంత రుద్ది కడిగినా వదలలేదు. ఆ బిగుతు తెలియగానే నూకరత్నం అక్క గుర్తొచ్చింది.

తొంభైలలో బహ్రెయిన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో ఆవిడ వంటమనిషి, నేను పిల్లల్ని చూసుకునే ఆయాని. ఇద్దరిదీ గోదావరి వైపే. నాకు ఇరవై రెండేళ్ళు, ఆవిడకు నలభై దాటాయి. అరబ్బీ మాటల దగ్గర్నుంచి మమ్మల్ని పనికి రప్పించుకున్న యజమాని, కఫీల్ ముందు ఎలా నిలబడాలో దాకా అన్నీ ఆవిడే నేర్పింది. చదువు మాత్రం రాదు. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు నేనే చదివి వినిపించేదాన్ని.

ఎండలు తగ్గాక ఒకరోజు బజారు నుంచి మొలకొచ్చిన బెంగళూరు వంకాయ తెచ్చింది. కాయ నోరు తెరిచి, పచ్చటి నాలుక బయటపెట్టినట్టుంది. నాకు ఒళ్ళు జలదరించింది. "దీన్ని కొయ్యకూడదే. కాయను కాయలాగే పాతెయ్యాలి," అంటూ పెరట్లో సగం దాకా పూడ్చింది. రోజూ బియ్యం కడుగు పోసి, వంగి దానితో గుసగుసగా మాట్లాడేది. ఊళ్ళో ఆవిడ కూతురికి మూడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. "ఇది కాత్తే అదీ నిలబడుద్దే," అనేది.

తీగ అక్క వేసిన పందిరి దాటి వంటింటి కిటికీ ఊచలకు చుట్టుకుంది. నేను విప్పి పక్కకు మళ్ళిస్తే, మర్నాటికి మళ్ళీ అదే ఊచను పట్టుకునేది. "దాన్ని ముట్టుకోకే, కోపమొచ్చుద్ది," అని అక్క కసిరింది. నిజం చెబుతున్నాను, ఆ తీగంటే నాకు భయం.

పూలన్నీ రాలిపోయి ఒక్క పిందె నిలిచింది. శుక్రవారం పొద్దున దాన్ని నేనే ముందు చూశాను. సంతోషం పట్టలేక చూపుడువేలు చాచి, "అదిగో అక్కా!" అని అరిచాను. పిందెను వేలుపెట్టి చూపిస్తే కుళ్ళిపోతుందని, వేలు మడిచి చూపించాలని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. ఎలా మరిచానో నా ఖర్మ! అక్క నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"ఎంత పని చేశావే!" అంది. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. గాలి ఊసే లేదు, అయినా పందిరి మీది ఆకులన్నీ కదిలాయి.

మూడో రోజుకు పిందె మెత్తబడి రాలిపోయింది. అక్క నన్ను ఒక్క మాటా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. "ఉత్తరం రానీవే," అనేది, అంతే. ఆ ఉత్తరం రావడానికి పది రోజులు పట్టింది.

ఉత్తరం అల్లుడు రాశాడు. కడుపు పోయిందని చదివి వినిపించాను. అక్క ఏడవలేదు. నా ముఖంలోకే చూస్తూ, "ఏ రోజంటే? నువ్వు పిందెను చూపించడానికి ముందా, తరవాతా?" అని అడిగింది.

కాగితం మీద స్పష్టంగా ఉంది. శుక్రవారం పొద్దున. ఆ శుక్రవారమే.

"నాలుగు రోజుల ముందే అక్కా," అన్నాను.

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. "హమ్మయ్య! అయితే నీ వేలు కాదే పిల్లా. బెంగెట్టుకోకు," అని నా తల నిమిరింది. ఆ తరవాతే చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అంత దుఃఖంలోనూ ముందు నన్ను ఒడ్డున పడెయ్యాలని చూసిన మనిషి. ఎవరైనా నా ముందు తప్పు చేసి నిలబడితే, వాళ్ళు బయటపడే దారి ముందు వెతకడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నా వేలు వల్ల ఏదీ జరగలేదని బుద్ధికి తెలుసు. అయినా ఆ కడుపు పోయింది ఏ రోజని ఎవరైనా అడిగితే, నాలుగు రోజుల ముందే అని ఇప్పటికీ నా నోరు చెబుతుంది.