ఫ్లాపీలోంచి చూసిన గ్రహణం

మా చిన్నప్పుడు... శంషాబాద్ బస్టాప్ వెనక సందులో మా అన్న నెట్ సెంటర్ నడిపేవాడు. అయిదు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, "చెప్పులు బయట విడవండి" అని రాసిన అట్ట. నేను ఆరో తరగతి. బడి లేని రోజు నా మకాం అక్కడే.

మూలన ఇంకో పాత కంప్యూటర్ ఉండేది... దాని ముందు ఎవరూ కూర్చునేవారు కాదు. అన్న దోస్తు ఒకతను గల్ఫ్ వెళ్లేముందు అమర్చి పోయాడు. వైరస్‌లు రాకుండా కాపలా కాసే ఫైర్‌వాల్ అట. నెట్ ముందు దానిలోకి వచ్చి, అక్కడి నుంచి మిగతా అయిదింటికీ వెళ్లేది. దానికి హార్డ్ డిస్క్ కూడా లేదు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డిస్క్, ఫ్లాపీ, పెట్టి ఆన్ చేస్తే కిర్రుకిర్రుమని అయిదు నిమిషాలు మూలిగి లేచేది.

ఆ ఏడే అక్క డిగ్రీ అయిపోయింది. కొత్త ఎయిర్‌పోర్టులో ఉద్యోగాలు పడ్డాయి, దరఖాస్తు నెట్‌లోనే పెట్టాలి. విమానం పోతుంటే బాపు తలెత్తి చూసి, "మా బిడ్డ గాడ్నే పని చేస్తది" అని వాడకట్టంతా చెప్పేశాడు. అక్క తొందరపెడితే అన్న నవ్వేవాడు.

"మన సెంటరే గదనే... ఎప్పుడంటే అప్పుడు నింపుదాం."

అలా అలా ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రం అయిదింటి వరకే గడువు.

ఆ రోజే సూర్యగ్రహణం. ఫ్లాపీ లోపలి నల్ల రేకులోంచి చూస్తే సూర్యుడు కనిపిస్తాడని బడిలో ఎవరో చెప్పారు. అలా చూడకూడదని ఇప్పుడు తెలుసు... అప్పుడు ఎవరు చెప్పారు? గ్రహణం పట్టకముందే తిని రావాలని అన్న నన్ను కూర్చోబెట్టి ఇంటికి వెళ్లాడు. మూలనున్న కంప్యూటర్‌లోంచి ఫ్లాపీ లాగాను. కాసేపు భయంగా చూశాను... ఏమీ కాలేదు. నెట్ నడుస్తూనే ఉంది. అయితే ఇది ఉత్తదే అనుకున్నాను. ఒకసారి లేచాక దానికి ఫ్లాపీతో పని లేదని, మళ్లీ లేవాలంటేనే కావాలని నాకేం తెలుసు...

పెంకు విరిచి, రేకు తీసి సూర్యుణ్ణి చూశాను. నిజంగానే కొరికిన బిస్కెట్‌లా ఉన్నాడు.

తర్వాత కరెంటు పోయింది.

మళ్లీ వచ్చేసరికి మూడున్నర. అప్పటికే అక్కను తీసుకుని వచ్చిన అన్న స్విచ్ వేశాడు. డిస్క్ పెట్టి ఏదైనా మీట నొక్కమని మూలనున్నదాని తెరమీద తెల్లక్షరాలు...

"దీంట్లనే ఉండె గద... ఏడ వోయింది?"

సొరుగులు వెతికాడు, టేబుళ్ల కింద దూరాడు. పాతవి రెండు దొరికితే అంగి అంచుతో తుడిచి పెట్టాడు. మీట నొక్కాడు. అవే అక్షరాలు. మళ్లీ నొక్కాడు... అవే.

"వైరు సీదా మనదానికి పెట్టరాదు అన్నా?" అంది అక్క.

"పెడితే పాస్‌వర్డ్ అడుగుతది. గల్ఫ్ పోయినోడు గా ఫ్లాపీలనే రాసి పెట్టిండు. నాకు తెల్వది."

గల్ఫ్‌కు ఫోన్ కొడితే ఎవరూ ఎత్తలేదు. గ్రహణమని చుట్టుపక్కల సెంటర్ల వాళ్లంతా షట్టర్లు దించేశారు. నాలుగు దాటాక అన్న అక్కను బండెక్కించుకుని మైలార్‌దేవ్‌పల్లి వైపు పోయాడు. నేను చెప్పినా, ఆ విరిచి తీసిన రేకు మళ్లీ ఫ్లాపీ అవుతుందా...

పొద్దుగూకాక తిరిగొచ్చారు.

"ఒక సెంటర్ దొరికింది గని... అప్పటికే అయిదు దాటి దరఖాస్తు బందైంది," అంది అక్క చెప్పులు విడుస్తూ.

బాపు అన్న మీద విరుచుకుపడ్డాడు. "ఒక్క పని అప్పజెప్తె గిట్ల జేస్తివి."

అన్న తల దించుకున్నాడు. "నేనే యాడనో పెట్టి మర్చిపోయిన బాపు."

పక్కనే నిలబడి విన్నాను. అప్పుడూ చెప్పలేదు.

అక్క ఇప్పుడు కాటేదాన్‌లో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. "పెట్టినా వస్తుండెనో లేదో" అంటుంది ఎప్పుడైనా ఆ మాట వస్తే. పెట్టనైతే లేదు కదా... అన్న ఇప్పటికీ తప్పు తనదే అనుకుంటున్నాడు.

ఇప్పుడు దరఖాస్తులన్నీ ఫోన్లోనే... బస్సులో నిలబడే నింపేస్తున్నారు, నెట్ రాకపోతే పక్కవాళ్లది అడుక్కుంటున్నారు. ఫ్లాపీ అంటే ఏంటని మొన్న అక్క కూతురు అడిగితే, చెప్పబోయి ఆగిపోయాను.

మీరూ ఇంట్లో ఇన్నేళ్లుగా మింగేసిన మాట ఏదైనా ఉంటే కింద రాయండి... నాకు తోడుంటుంది. అన్ననూ అక్కనూ ఈ పోస్టుకు ట్యాగ్ చేశాను. ఫోన్ బోర్లా పెట్టి కూర్చున్నాను.